రెండడుగులు వెనకగా

యాదిరా, రేపటి నుంచి రెండో బేస్ దగ్గర నువ్వు నిలబడతావు.
ప్లేటు మీది దుమ్ము బ్రష్షుతో ఊడవడం నేర్చుకున్నావు,
అరవడం నీకు పుట్టుకతోనే వచ్చు.
ఇక ఈ ఒక్కటి విను.

ముప్పై ఏళ్ళు చక్కెర మిల్లు కాటా దగ్గర గుమాస్తాని నేను.
చెరకు బండి ఎక్కగానే ముల్లు ఊగేది.
ఊగుతున్నప్పుడు రాయకూడదు, నిలిచాక రాయాలి.
ఆటలో ఆ వెసులుబాటు లేదు.
ముల్లు ఊగుతుండగానే చెయ్యెత్తాలి.

మొన్న ఆదివారం చూశావుగా.
తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక అవుట్,
మన బతేయ్ కుర్రాళ్ళు ఒక్క పరుగు వెనక.
మూడో బేస్‌లో చాగో, రెండో బేస్‌లో విల్నేర్.
సాన్ పెద్రో దారిలో తోటలు తగలబెడుతున్నారు,
చెరకాకు మసి తెల్ల గీతల మీద రాలుతోంది.
బంతి నేల మీద గెంతుతూ షార్ట్‌స్టాప్ వైపు వచ్చింది.
అతను వంగాడు.
విల్నేర్ వెనక్కి చూస్తూ పరిగెత్తాడు
(ఎవర్ని చూశాడో దేవుడికెరుక),
భుజానికి భుజం తగిలింది.
బంతి ఇద్దరి మధ్య నుంచి గడ్డిలోకి జారుకుంది.
చాగో వచ్చి హోమ్ ప్లేటు తొక్కాడు. జనం డబ్బాలు వాయించారు.

నేను రెండు చేతులూ పైకెత్తాను.
ఆ తాకిడి దగ్గరే బంతి చచ్చింది,
ఆ తర్వాత జరిగిందేదీ జరగలేదు.
విల్నేర్ అవుట్.
చాగో తిరిగి మూడో బేస్‌కి.
కొట్టినవాడికి మొదటి బేస్.
అంతే. గింజ ఎక్కువ లేదు, గింజ తక్కువ లేదు.
తర్వాతివాడు కొట్టింది ఆకాశంలోకి లేచి ఎవరి గ్లవ్‌లోనో పడింది.
ఆట పోయింది.
నా సైకిలు రెండు టైర్లలో గాలీ పోయింది.

ఆ రాత్రి విల్నేర్ వచ్చాడు,
తలుపు తట్టకుండా గుమ్మంలో నిలబడ్డాడు.
"కావాలని చేశానా, దోన్ ఎవుసేబియో?"
"లేదు."
"మరి?"

విసిరిన బంతికైతే నీ మోచేతిని అడిగేవాణ్ణి,
కావాలనే జరిగావా అని.
కాదంటే ఆట సాగనిచ్చేవాణ్ణి.
కొట్టిన బంతి వేరు నాయనా,
అందుకోబోయేవాడిదే ఆ కాస్త నేల.
అక్కడ మనసుకు తూకం లేదు, ఒంటికే.
ఇద్దరు అవుటయ్యే చోట
అది చెడగొట్టాలనే ఒళ్ళు అడ్డం వేస్తే
అది ఇంకో పద్దు,
నీతో పాటు కొట్టినవాడూ పోతాడు.
నిన్ను ఆ పద్దులో రాయలేదు.

వాడికి చెప్పిందే నీకూ చెబుతున్నా యాదిరా,
పంతొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.
మిల్లు మేనేజరు కొడుకు
బంతి మీదికి వంగిన కుర్రాణ్ణి
పనిగట్టుకుని మోకాలితో పడగొట్టాడు.
రెండు అవుట్‌లు. గుడ్డివాడికైనా తెలుస్తుంది.
నా చేతులు పైకి లేవలేదు.
కాటాని దొంగచాటుగా తొక్కే బండివాళ్ళని
ఎందర్ని పట్టుకున్నానో లెక్కలేదు,
ఆ రోజు కాటా మీద ఉన్నది నా కాలు.
పడ్డ కుర్రాడి పేరు ఫెర్మీన్.
ఇప్పుడు కుంటుకుంటూ ఐసు అమ్ముతాడు.
అందరి డబ్బులూ చూడకుండా జేబులో వేసుకుంటాడు,
నేనిచ్చిన చిల్లర మాత్రం లెక్కపెట్టుకుంటాడు.

విల్నేర్ చాలాసేపు కాలి బొటనవేలితో నేల గీకాడు.
"మరి నేనెటు పోవాలి?" అన్నాడు.

లాంతరు పట్టుకుని మైదానానికి వెళ్ళాం.
వాణ్ణి రెండో బేస్‌లో నిలబెట్టి
షార్ట్‌స్టాప్ చోట నేను వంగాను. నడుం కలుక్కుమంది.
"నా వెనక నుంచి రా. రెండడుగులు నష్టం, పోనీ."
వాడు పరిగెత్తాడు.
చీకట్లో వచ్చి మళ్ళీ నాకే తగిలాడు.
ఇద్దరం మసి దులుపుకున్నాం.
"మళ్ళీ," అన్నాను.